గడప దాటి వచ్చిన తప్పెట

ధ్యానభాగములు: నిర్గమకాండము 15:20, న్యాయాధిపతులు 11:29–40, 150వ కీర్తన



ఈ నెల నేను మీకు వ్రాయబోవునది ఒక పాలపొడి డబ్బాను గూర్చి. నవ్వకుడి. ఆ డబ్బా విషయమై నేను చేసిన తప్పును ముందుగా ఒప్పుకొని, ఆ తరువాత వాక్యములోనికి వెళ్లెదను. వరుస తారుమారైనట్లు మీకు తోచవచ్చును గాని, నాకు ఆ వాక్యము అర్థమైన వరుస ఇదే.

మన తిరుచానూరు చుట్టుపట్ల పేటలలోని పిల్లలకు తాళము ఎవరును నేర్పనక్కరలేదు. కార్తీకమాసములో అమ్మవారి బ్రహ్మోత్సవములు జరుగు దినములలో డోలు మోతయు, నాగస్వరమును, దూరపు పల్లెలనుండి వచ్చిన చెక్కభజనవారి చెక్కల గలగలయు ప్రొద్దుపోవువరకు మన యిండ్లలోనికి వినబడుచునే యుండును. ఆ ఆరాధన మనది కాదు. అయినను పొరుగింటి పోపు వాసన మన ముక్కునకు సోకినట్లే పొరుగువారి వాకిటి లయ మన పిల్లల చెవిని చేరును. మరునాడు బడిలో బల్లమీద వ్రేళ్లతో వాయించి దెబ్బలు తినువారిలో మన సండేస్కూలు పిల్లలే ముందుందురు.

మన ఆలయములో ఒక హార్మోనియమును ఒక డోలక్కును ఉండెడివి. డోలక్కు తోలు చినిగినది. దానిని వాయించు యౌవనస్థుడు పనికొరకు చెన్నపట్నము వెళ్లినాడు. అప్పుడు మేము, అనగా నేనును సంఘ పెద్దలును, ఒక ఎలక్ట్రానిక్ ప్యాడు కొనవలెనని చందా మొదలుపెట్టితిమి. ఇది ఇట్లుండగా, క్రిస్మసునకు ముందు ఒక ఆదివారమున పదేండ్ల పిల్లవాడొకడు చంకలో ఒక డబ్బా పెట్టుకొని ఆలయములోనికి వచ్చెను. మూతికి నల్లని రబ్బరు బిగించి పురికొసతో కట్టిన పాలపొడి డబ్బా అది. ఒప్పుకోలు ప్రార్థన మధ్యలో వాని మోచేయి తగిలి అది ‘ధబ్’మని మ్రోగెను. పిల్లలు కిసుక్కున నవ్విరి. నేను కన్నులు తెరచి, “ఆ డబ్బా బయట పెట్టి రా. ఇది దేవుని మందిరము, సంత కాదు” అంటిని.

వాడు డబ్బాను బయట పెట్టుటకు వెళ్లెను గాని తిరిగి లోపలికి రాలేదు. తరువాతి ఆదివారము వాడును రాలేదు, వాని నాయనమ్మయు రాలేదు. నాలుగు ఆదివారములు అట్లే గడచెను. క్రిస్మసు కూడ ఆ నాలుగింటి నడుమనే వచ్చి పోయినది.

మందలో ఒక గొఱ్ఱె తప్పిపోయినప్పుడు కాపరి ఏమి చేయవలెనో నేను ఎన్నిమారులు ప్రసంగించితినో లెక్కలేదు. అయినను ఆ ఇంటికి వెళ్లుటకు నాకు నాలుగు వారములు పట్టినది. మా ఇంటిలో అమ్మగారు ఒక రాత్రి అన్నము వడ్డించుచు, “మీరు మాత్రం స్నానాల గదిలో చెంబుమీద దరువెయ్యరా?” అని అడిగినది. ఆ మాట తరువాతనే వెళ్లితిని.

ఆ పెద్దమ్మ నన్ను చూచి కోపపడలేదు. చాప వేసినది. “కూసోండి అయ్యగారూ” అని మజ్జిగ ఇచ్చినది. కొంతసేపటికి తానే అందుకొని ఇట్లనెను: “పిల్లోడు నాల్రోజులు ఆ పంక్చరు అంగడోళ్ల కాడ తిరిగి రబ్బరు తెచ్చుకున్నాడు. కిరిస్మస్ పాటకి కొట్టాలని. మా మామ పలక కొట్టేవోడు అయ్యగారూ. సావైనా జాతరైనా ఆయన్నే పిలిచేది. పిలిచి వాకిట్లోనే నిలబెట్టేది. మా వోళ్లు గుళ్లో చేరినాక అప్పటి అయ్యగారు పలక వద్దన్నారంట. అటక మీద పెట్టినాడు. తోలు ఎలకలు కొట్టేసినాయి. వాళ్ల తాత తాతది వీడికొచ్చింది, నేనేం చేసేది?”

నేను మజ్జిగ గ్లాసు చేత పట్టుకొని ఊరకుంటిని.

ప్రియులారా, మన ప్రాంతమున పలక అనియు, ఇతర చోట్ల డప్పు అనియు, పాతకాలమున తప్పెట అనియు పిలువబడు ఈ వాద్యమును గూర్చి న్యాయముగా మాటలాడవలసియున్నది. పూర్వము మన పెద్దలు దీనిని విడిచిపెట్టుటకు కారణము లేకపోలేదు. 19వ శతాబ్దములో ఒంగోలు ప్రాంతమున మాదిగ పల్లెలు క్రైస్తవ్యములోనికి వచ్చిన కాలపు మిషనరీల వ్రాతలలో ఇది కనబడును. గ్రామదేవతల పండుగలలో తప్పెట కొట్టుట వారిమీద మోపబడిన ఊడిగము. మేము కొట్టమని వారు చెప్పినప్పుడు ఊరి పెద్దల ఆగ్రహమునకు గురియైరి. ఆనాడు తప్పెటను క్రింద పెట్టుట కేవలము విగ్రహములను విడుచుట మాత్రమే కాదు, వెట్టిని కూడ విడుచుటయే. కర్రను విసరివేసిన ఆ చేతులు ధైర్యముగల చేతులు. వారిని నేను ఒక్క మాటయు అనను.

అయితే వెట్టిని విడుచుట వేరు, తోలును కఱ్ఱను అసహ్యించుకొనుట వేరు. మొదటిది స్వాతంత్ర్యము. రెండవది, మనలను వాకిట నిలువబెట్టినవారి కన్నులతో మనలను మనమే చూచుకొనుట. నేను ఆ పిల్లవానితో “సంత” అన్నప్పుడు నా నోట పలికినది వాక్యమా, ఆ పాత సిగ్గా? ఇప్పటికిని ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

ఇక వాక్యములోనికి వత్తము.

మిర్యాము ఎఱ్ఱసముద్రపు ఒడ్డున తంబుర చేతపట్టుకొనెనని మన తెలుగు బైబిలులో ఉన్నది. తంబుర అనగా మనకు తంత్రులు గల శ్రుతివాద్యము మనస్సునకు వచ్చును. నేను చిన్నప్పుడు అంత పొడవైన తంబురను ఎత్తుకొని సముద్రములో ఎట్లు నడిచినదో అని ఆశ్చర్యపడెడివాడను. సెమినరీలో హెబ్రీ చెప్పిన గురువుగారు నా భ్రమ తీర్చిరి. మూలములోని మాట ‘తోఫ్’. అది తంత్రీవాద్యము కాదు. గుండ్రని చట్రమునకు ఒకవైపు తోలు బిగించి చేతితో వాయించునది, మన కంజీరకును పలకకును అక్కచెల్లెలు వంటిది. ఇశ్రాయేలు దేశపు త్రవ్వకములలో ఇట్టి గుండ్రని వాద్యమును రొమ్మునకు ఆనించి పట్టుకొనిన స్త్రీల మట్టిబొమ్మలు దొరకినవి. బైబిలులోను తోఫ్ అనేకమారులు స్త్రీల చేతిలోనే కనబడును.

ఈ మాట లేఖనములలో మొట్టమొదట ఎవరి నోట వచ్చినదో ఎరుగుదురా? లాబాను నోట. యాకోబును ఇరువది సంవత్సరములు చాకిరి చేయించుకొని, జీతము పదిమారులు మార్చిన మామ, నీవు చెప్పియుంటే వాద్యములతో సాగనంపియుందునే అని తియ్యగా పలికెను (ఆది. 31). మేళతాళములను గూర్చి గొప్పగా మాటలాడువాడు తప్పక మనస్సునందు మంచివాడై యుండడనుటకు ఇది చాలును.

మిర్యాము సంగతి వేరు. నిర్గమకాండము 12వ అధ్యాయమును చూడుడి. ఐగుప్తునుండి వెళ్లునాటి తొందర ఎట్టిదనగా పిండి పులియుటకైన వ్యవధి లేదు. పిండి పిసుకు తొట్లను మూటగట్టి భుజములమీద వేసికొని బయలుదేరిరి. అంత తొందరలోను ఆ స్త్రీలు తప్పెటలను మరువలేదు! రాత్రికి రాత్రి ఇల్లు విడుచు తల్లి ఏమి సర్దుకొనును? బియ్యము, గిన్నెలు, బిడ్డలు. ఈ తల్లులు తప్పెటను కూడ సర్దుకొనిరి. అందరికిని తప్పెటలు ఉండెనా? లేనివారు భుజముమీది పిండితొట్టినే బోర్లించి వాయించిరేమో! ఇది వ్రాయబడలేదు, నా ఊహ మాత్రమే. కాని మీలో రోట్లో దంచిన పెద్దమ్మలకు ఈ ఊహ వింతగా తోచదు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి రోకళ్లు వేయునప్పుడు లయ తప్పినయెడల రోకలి రోకలికి తగులును. అందుకే దంపుడు పాటలు పుట్టినవి. తాళ్లపాక అన్నమాచార్యులు సైతము ఆ సువ్వి పాటల బాణీలో పదములు కట్టినాడు. మన తెలుగు స్త్రీకి మొదటి తాళవాద్యము రోలు, రెండవది చేట.

గిద్యోను ఉన్నాడు. మూడువందలమందికి వట్టి కుండలను, వాటిలో దివిటీలను ఇచ్చి, నడిరేయి ఒక్కసారి పగులగొట్టించినాడు. వంటింటి కుండలతో అంత పెద్ద మోత చేయించినవాడు మరియొకడు లేడు. అయితే ఆ వాద్యము ఒక్కసారికే పనికివచ్చును, ఇంటనున్న అమ్మల కోపము సంగతి వ్రాయబడలేదు.

దావీదు మందసమును తెచ్చునప్పుడు వాయించిన వాద్యములలో ఒకదాని హెబ్రీ పేరు ‘ఊపుట’ అను ధాతువునుండి వచ్చినది (2 సమూ. 6:5). లోపల గులకలుంచి కాల్చిన మట్టి గిలకలు కూడ ఆ దేశపు త్రవ్వకములలో దొరకినవి. మన ఇండ్లలో ఉయ్యాలలోని బిడ్డకు ఆడించు గిలక వంటిదన్నమాట. అట్టి ఊపుడు వాద్యము మందసము ముందర చేరినది.

ఇప్పుడు యెఫ్తా ఇంటికి రండి. నేను ఈ అధ్యాయమును ఇరువదేండ్లుగా చదువుచున్నాను. ఎల్లప్పుడును మ్రొక్కుబడిని గూర్చియే ఆలోచించితిని, ఆ బిడ్డ చేతిలో ఏమున్నదో చూడలేదు. తండ్రి యుద్ధమునకు వెళ్లుచు, నేను జయముతో తిరిగి వచ్చునప్పుడు నా ఇంటి ద్వారమునుండి ఎదురు వచ్చుదానిని అర్పించెదనని తొందరపడి నోరు జారెను. ఎవరును ఆ మాట అడుగలేదు. దేవుడును అడుగలేదు. మిస్పాకు అతడు తిరిగి వచ్చినప్పుడు గడప దాటి ఎదురు వచ్చినది ఒక్కతే కుమార్తె. ఆమె వట్టి చేతులతో రాలేదు, తప్పెట వాయించుకొనుచు వచ్చెను. తండ్రి గెలిచెనన్న సంతోషము ఆమె చేతిలో మ్రోగుచున్నది. ఆమెను చూడగానే తండ్రి వస్త్రములు చింపుకొనెను.

బిడ్డ చేసిన తప్పేమి? తప్పెట పట్టుకొని సంతోషముతో బయటికి వచ్చుటయే. పెద్దవాడు తొందరపడి పలికిన మాటకు బిడ్డ సంతోషము బలియైనది. నేను మ్రొక్కుబడి చేయలేదు గాని, ఆరాధన గంభీరముగా జరుగవలెనను నా పంతమునకు ఎదురు వచ్చినది ఒక బిడ్డ సంతోషము. నా మాటయు వెనుకకు తీసికొనరానిదే. “బయట పెట్టి రా” అన్న నాలుగు ముక్కలు పలుకుటకు ఎంతసేపు పట్టినది? ఆ ఆలయపు గడప వాడు మరల దాటుటకు ఎన్ని వారములు పట్టినవి? తల్లులారా, తండ్రులారా, ఉపాధ్యాయులారా, బిడ్డలు ఏదో చేతపట్టుకొని మనకు ఎదురు వచ్చు వేళ మన నోటికి కాపు పెట్టుమని నేను ఇప్పుడు దినదినము ప్రార్థించుచున్నాను.

తోలు వాద్యమును లాగుకొనిన చేతులు లోకములో ఇంకను ఉన్నవి. 1739లో అమెరికాలోని దక్షిణ కెరొలైనాలో నీగ్రో దాసులు తిరుగబడిరి. మరుసటి యేట అక్కడి ప్రభుత్వము వారు డోళ్లు వాయించుటను చట్టముచేత నిషేధించెను. వారు చేతులు చరచి, తొడలు చరచి, కాళ్లతో నేలను తన్ని తాళము నిలుపుకొనిరి. వెస్టిండీసులోని ట్రినిడాడు ద్వీపములో 1880వ దశకమున ఆంగ్ల ప్రభుత్వము డోళ్లను అణచివేసినప్పుడు అక్కడి నీగ్రోలు వెదురుబొంగులను నేలకు కొట్టి వాయించిరి. తరువాత 1930వ దశకములో బిస్కత్తు డబ్బాలును చెత్తడబ్బా మూతలును వచ్చెను. చివరకు పెట్రోలు నూనె పీపాలను సుత్తితో గుంటలు పడగొట్టి, గుంటకొక స్వరము పలికించు వాద్యమును కనుగొనిరి. 1951లో లండనులో జరిగిన బ్రిటను ఉత్సవమునకు ఆ పీపాల మేళము వెళ్లి వాయించినది. నేడు అది ఆ దేశపు జాతీయ వాద్యము. మదరాసు రేవునుండి గయానాకు కూలికి పోయిన మన దక్షిణాదివారి సంతతిలో ‘తప్పు’ అను పేరుతోనే మన వాద్యము నేటికిని నిలిచియున్నది. బబులోనులో చెరపట్టబడినవారు తమ సితారాలను చెట్లకు తగిలించిరని 137వ కీర్తనలో చదువుచున్నాము. వారు చేతులను మాత్రము తగిలించలేరు గదా.

ఇక చేయు విధానము. ఆ పిల్లవాడు నాకు నేర్పినది కొంత, పెద్దలవలన తెలిసికొనినది కొంత చెప్పెదను. నేను అడుగగా వాడు మొదట తలవంచుకొని నిలిచెను. తరువాత డబ్బా తెచ్చి ఒడిలో పెట్టుకొని ఒక గంటసేపు ఆపక మాటలాడెను.

డబ్బా అంచు మొద్దుబారియుండవలెను. మూత కోసిన అంచు పదునుగా ఉన్నయెడల రబ్బరును కోయును, వ్రేలిని ముందే కోయును. కావున అంచును రాతితో అరగదీసి చుట్టును గుడ్డపేలిక అతికించవలెను. సైకిలు ట్యూబు వెడల్పు చాలదు, మోటారు సైకిలు పాత ట్యూబును నిలువునా కోసి పరచవలెను. ఇద్దరు కావలెను, ఒకడు లాగుటకు, ఒకడు కట్టుటకు. ఒకవైపు లాగినవెంటనే దానికి సరిగా ఎదుటివైపు లాగవలెను. చుట్టును వరుసగా లాగుకొనుచు పోయినయెడల ఒకచోట ముడుత మిగులును, ఆ ముడుతయొద్ద ధ్వని చచ్చును. అడుగున మేకుతో ఒక బెజ్జము పొడిచిన గాలి బయటికి వచ్చి మోత విప్పారును. పిల్లవాడు దీనిని తానే కనుగొనెను. ఎట్లని అడుగగా, “తుప్పు పట్టి ముందే ఒక బొక్క ఉండింది అయ్యగారూ, ఆ డబ్బానే బాగా మోగింది” అనెను.

రబ్బరు వానకు జంకదు గాని దాని గొంతు పీల. తోలు గొంతు వేరు. పలకకు మేకతోలునో దూడతోలునో నానబెట్టి, వెండ్రుకలు తీసి, చట్రమునకు చింతగింజల జిగురుతో అంటించి ఎండబెట్టుదురు. తేమకు తోలు సడలును. అందుకే వాయించుటకు ముందు గడ్డిమంట కాచి బిగువు తెచ్చుకొందురు. ఒక చేత పొట్టి కఱ్ఱ, మరియొక చేత సన్నని పుల్ల. కంజీరకు పూర్వము ఉడుము చర్మము వేసెడివారు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత కాపాడబడుచున్నది. ఏ పిల్లవాడును కంప వెంబడి ఉడుమును తరుమరాదు. మేకతోలు చాలును.

సోడాసీసాల ఇనుప మూతలను రాతితో చదును చేసి, నడుమ మేకుతో బెజ్జము పెట్టి, రెండు రెండుగా తీగకు గ్రుచ్చి కఱ్ఱ చీలికలో బిగించిన గలగలలాడు చెక్కలగును. మన భజన చిడతలకు ఇది పేదచుట్టము. ఎండిన సొరకాయ బుఱ్ఱలోగాని మూతగల చిన్న డబ్బాలోగాని చింతపిక్కలు పోసి ఊపవచ్చును. పిడికెడు చాలును, నిండుగా పోసిన గొంతు పెగలదు. బియ్యము పోసిన సన్నని చప్పుడు, చింతపిక్కలు పోసిన ముతక చప్పుడు. కొబ్బరిచిప్పలు రెండు బోర్లించి కొట్టిన గుఱ్ఱపు డెక్కల చప్పుడు వచ్చును. మట్టల ఆదివారమున పిల్లలు ఆ చిప్పలతోనే గాడిదను నడిపించిరి, పెద్దలు కూడ నవ్విరి.

నీటి పాత్రల సంగతి చెప్పకుండ ఉండలేను. ఒకే కొలతగల పింగాణీ గిన్నెలు వరుసగా పెట్టి వేరువేరు కొలతలలో నీరు పోసి పుల్లతో తట్టినయెడల స్వరములు పలుకును. నీరు హెచ్చినకొలది స్వరము తగ్గును. జలతరంగిణి అను కచేరీ వాద్యము ఇదే. అయితే సీసాలో నీరు పోసి మూతియొద్ద ఊదినయెడల ఇందుకు విరుద్ధముగా నీరు హెచ్చినకొలది స్వరము పెరుగును. తట్టునప్పుడు పాత్రయు నీరును కలిసి కదలును, నీరెక్కువైన కదలిక నిదానించును. ఊదునప్పుడు కదలునది లోపలి గాలి, నీరెక్కువైనకొలది గాలికి చోటు తగ్గి కదలిక వేగమగును. ఉపాధ్యాయులు ఈ రెండును పిల్లలకు ప్రక్కప్రక్కన చేసి చూపవలెనని నా మనవి.

వంటింటిని తక్కువగా చూచువారికి ఒక మాట. కచేరీ సభలో మహావిద్వాంసుడు వాయించు మృదంగపు ఎడమవైపున, కార్యక్రమమునకు ముందు, నీళ్లతో తడిపిన బొంబాయి రవ్వ ముద్దను అద్దుదురు. ఆ గంభీరమైన మంద్రధ్వని రవ్వవలననే. అది లేనియెడల ఎడమవైపు మూగబోవును. ఉప్మాకు పెట్టుకొనిన రవ్వయే!

ఘటమో, అది మట్టికుండయే. సంతలో కుండ కొను ఆడువారు వ్రేలి కణుపుతో తట్టి చూతురు. ఖంగున మ్రోగినయెడల కొందురు, బొద్దుగా పలికినయెడల ఎక్కడనో కంటికి కనబడని బీటయున్నదని ప్రక్కన పెట్టుదురు. ఆ పరీక్ష ఎరిగిన తల్లులు మన సంఘములో అనేకులున్నారు. ప్రభువు నన్ను తట్టినప్పుడు నేను ఎట్లు పలికితినో ఆ ఆదివారము పిల్లలందరును వినిరి.

ఇక మన పెద్దలలో ఒక సహోదరుడు లేవదీసిన అభ్యంతరము. ఆయన మాటను నేను తేలికగా త్రోసివేయను. “అయ్యగారూ, నేడు డబ్బా, రేపు తప్పెట, ఎల్లుండి గుడి జాతర అవుతుంది. మనం విడిచివచ్చినదానిని మరల తెచ్చుకొనుటయేనా?” అని ఆయన అడిగిరి. ఆమోసు 5వ అధ్యాయమును చూపిరి. న్యాయము లేనివారి పాటల ధ్వనిని నా యొద్దనుండి తొలగించుడని దేవుడే పలికిన చోటు అది. అపొస్తలుడైన పౌలు కూడ ప్రేమ లేనివాడు మ్రోగు కంచువంటివాడనెను. కంచును బంగారమును పోల్చి చెప్పిన వేమన్న పద్యము మీకందరికిని కంఠస్థమే. నిండు కుండ తొణకదన్న సామెతయు ఉన్నది. ఇదంతయు నిజమే. కాని ఆమోసు కోపించినది వాద్యము తోలుదైనందునా, డబ్బాదైనందునా? కాదు. పేదవానిని త్రొక్కిన చేతులు దానిని వాయించినందున. ఆ లెక్కను చందాలు వేసి కొను ప్యాడునకు కూడ అదే పరీక్ష.

నా తీర్పు ఇట్లున్నది. ఒప్పుకోలు ప్రార్థనలో ఏ మోతయు ఉండరాదు, నా చెంబు దరువుతో సహా. సంస్కారపు ఆరాధనలోను, మరణించినవారి యింటను నిశ్శబ్దమే మేలు. కీర్తనలకు మాత్రము తాళము కావలెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనమీద రాగమును తాళమును అచ్చువేసియున్నవి. ఎందుకు అచ్చువేసిరి? మన కీర్తనకారులలో ఆద్యుడనదగిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన దేశపు రాగతాళములలోనే సువార్తను పాడిరి. మనము ఆ తాళపు పేరును చదువుట కూడ మానివేసి, ఆదితాళపు కీర్తనను శవయాత్రవలె ఈడ్చుచున్నాము. ఆదితాళమునకు ఎనిమిది దెబ్బలు. ఒక చరుపు, మూడు వ్రేళ్ల లెక్క, తరువాత చరుపు, విసురు, మరల చరుపు, విసురు. చాపు తాళములలో ఏడింటిది ఉన్నది, మూడును నాలుగునుగా నడచును. గరిటెయు పళ్లెమును ఉన్న ఏ బిడ్డయైనను పది దినములలో వీటిని నేర్వగలడు. నేర్చిన బిడ్డ చేతిలో డబ్బా సంత మోత మోగదు.

ఆ సహోదరుడు ఇంకను ఒప్పుకొనలేదు. సాయంత్రపు పాటల కూటమునకు రారు, ఉదయ ఆరాధనకు మానక వచ్చుచున్నారు. ఆయనకొరకు ప్రార్థించుడని నేను మిమ్మును అడుగుట లేదు, ఆయన నాకొరకు ప్రార్థించుచున్నానని చెప్పినారు, అది నాకు అవసరమే. ప్యాడు చందా సంగతి పెద్దల కూటములో తేలవలసియున్నది.

నేను ఆలయములో అందరి యెదుట ఆ పిల్లవాని క్షమాపణ అడిగితిని. వాడు ఆ ఆదివారము లేడు, మేనమామ యింటికి రేణిగుంటకు పోయినాడు. కావున వాడు వచ్చిన తరువాత మరియొకమారు అడుగవలసివచ్చెను. రెండవమారే కష్టమైనది, వాడు నా ముఖములోనికి చూచుచుండెను. “పర్లేదు అయ్యగారూ” అనెను. కొంచెము ఆగి, “ప్రార్థనలో కొట్టను” అనెను.

గతవారము ఆ పెద్దమ్మ అటకమీదినుండి తన మామగారి పలక చట్రమును దించి తెచ్చినది. తోలు లేదు. కఱ్ఱ మాత్రము గట్టిగానే ఉన్నది, ఎడమచేయి పట్టుకొను చోట అరిగి నున్నగా మెరయుచున్నది. ఇప్పుడు ప్లాస్టిక్కు తోళ్లు కూడ వచ్చినవి, వానకు సడలవు, అది వేయింతమా అని నేను అడిగితిని. “వద్దు అయ్యగారూ, మేకతోలే వెయ్యాల. మంట నేను పెడతా” అనెను.

వచ్చు రెండవ శనివారము సాయంత్రము 4 గంటలకు పిల్లలు ఆలయ ఆవరణములో వాద్యములు చేయుదురు. ఇండ్లలో పారవేయదలచిన డబ్బాలు, సీసామూతలు, కొబ్బరిచిప్పలు, పగులని కుండలు ఉన్నయెడల పంపుడి. పురుగుమందు డబ్బాలు మాత్రము కడిగినవైనను పంపవద్దు. బెజ్జము పడిన డబ్బా అయినను ఫరవాలేదు.